టెక్ సందేహాలు: డీఎన్‌డీ పెట్టినా ఆగని హాలిడే ప్యాకేజీ కాల్స్

ప్రశ్న: శని, ఆదివారాలు వస్తే చాలు, ‘లక్కీ డ్రాలో మీ పేరొచ్చింది మేడమ్, గోవా ప్యాకేజీ సగం ధరకే, మీవారితో కలిసి హోటల్‌కు రండి, గిఫ్ట్ కూడా ఉంది’ అని ఒకటే ఫోన్లు. డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకునే ‘డు నాట్ డిస్టర్బ్’ సదుపాయం) పెట్టుకున్నా ఆగట్లేదు. ఒక నంబర్ బ్లాక్ చేస్తే ఇంకో నంబర్ నుంచి చేస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: డీఎన్‌డీ ఆపేది రిజిస్టర్ చేసుకున్న టెలిమార్కెటర్లను. వాళ్ల ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. మీకు మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి వస్తుంటే, చేసేవాళ్లు ఆ లెక్కలోనే లేరన్నమాట. అందుకే డీఎన్‌డీకి దొరకట్లేదు.

బ్లాక్ చేస్తే మీకు మాత్రమే ఆ నంబర్ పీడ వదులుతుంది. అదే సిమ్‌తో పక్క ఫ్లాట్‌వాళ్లకు చేసుకుంటారు. కాబట్టి ముందు ఫిర్యాదు, తర్వాతే బ్లాక్. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో ఈ నిబంధనలు మార్చింది. ఫిర్యాదుకు గడువు 3 రోజుల నుంచి 7 రోజులకు పెరిగింది. రిజిస్టర్ కాని నంబర్ల మీద డీఎన్‌డీ లేనివాళ్లూ ఫిర్యాదు చేయొచ్చు. ఒకే వ్యక్తి మీద 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే ఆపరేటర్ చర్య మొదలుపెట్టాలి. ఐదంటే ఎంత? మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఆ నంబర్ పెట్టి, ‘మీకూ వచ్చిందా?’ అని అడగండి. వచ్చిన ప్రతి ఇంటినుంచీ ఎవరి ఫిర్యాదు వాళ్లు ఇస్తే సరి.

ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో కాల్ లిస్టు నుంచి నంబర్ ఎంచుకుని పంపొచ్చు. కాల్ లాగ్ పర్మిషన్ ఇవ్వడం ఇష్టం లేకపోతే 1909కు ఫోన్ చేయండి. నంబర్, తేదీ, వాళ్లు ఏమన్నారో చెప్పాలి.

ఇక మీ నంబర్ వాళ్లకెలా చేరిందంటారా? ఏ మాల్‌లోనో, పెట్రోల్ బంక్ దగ్గరో లక్కీ డ్రా కూపన్ నింపారేమో గుర్తు చేసుకోండి. గిఫ్ట్ కోసం మాత్రం వెళ్లొద్దు. గంటలకొద్దీ కూర్చోబెట్టి, ‘ఈ ధర ఈ ఒక్కరోజే’ అంటూ కార్డు గీయించేదాకా వదలరు. ఆ ఏసీ హాల్లో మొహమాటం చాలా ఖరీదైనది!

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఫోన్లో బతిమాలుకోకుండా, రద్దు చేయమని వెంటనే ఈమెయిల్ పంపండి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. యూపీఐలో అడ్వాన్స్ పంపాక అవతలి ఫోన్ స్విచాఫ్ అయితే అది మోసమే. ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.