పుస్తకం అయిపోతోంది, పిల్లలకి రావట్లేదు: కరిక్యులమ్ మ్యాప్ ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖలో గాజువాక దగ్గర 1 నుంచి 8 వరకు స్టేట్ సిలబస్ స్కూలు చూసుకుంటున్న మేడమ్ అడిగింది ఇదీ: సిలబస్ ఏటా ఫిబ్రవరికల్లా పూర్తవుతోంది, అయినా ఐదో తరగతిలో సగం మందికి భాగహారం రాదు. ఇంట్లో ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలూ ఉన్నారు. పిల్లల అవసరాన్ని బట్టి కరిక్యులమ్ మ్యాప్ ఎలా వేసుకోవాలి, మేనేజ్‌మెంట్‌కీ తల్లిదండ్రులకీ ఏం చెప్పాలి?

మేడమ్, జూన్‌లో ఈ పాఠం, జులైలో ఆ పాఠం అని రాసుకునే కాగితాన్ని మ్యాప్ అనకండి. అది సిలబస్ పంపకం. పెద్ద స్కూళ్ల మైక్రో షెడ్యూల్ కూడా అంతే, తేదీలు ఇంకాస్త సన్నగా ఉంటాయి. టీచర్ ఎక్కడున్నారో అది చెబుతుంది, పిల్లలు ఎక్కడున్నారో చెప్పదు. ఆ రెండోది తెలియాలంటే మూడు పనులు వరసగా జరగాలి: నిజంగా చేతిలో ఉన్న పీరియడ్లు లెక్కేయడం, పిల్లల్ని కూర్చోబెట్టుకుని చూడడం, ప్రతి పాఠానికీ ముందు ఏం వచ్చి ఉండాలో రాయడం. మొదటి ఏడే అన్ని సబ్జెక్టులూ ఎత్తుకోకండి. 3 నుంచి 6 తరగతులకి తెలుగు, లెక్కలు చాలు.

పీరియడ్ల లెక్క తేలిగ్గా తీసుకునేవాళ్లే నవంబరులో పరుగెడతారు. విద్యాహక్కు చట్టం 1–5 తరగతులకి 200 పనిదినాలు, 800 బోధన గంటలు పెట్టింది. 6–8కి 220 రోజులు, 1000 గంటలు. ఆరో తరగతి లెక్కలనే తీసుకుందాం. 220 రోజులంటే 36 వారాల పైచిలుకు. వారానికి 6 చొప్పున 216 పీరియడ్లు. నాలుగు ఎఫ్‌ఏలకి (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) మూడేసి రోజులు, రెండు ఎస్‌ఏలకి (పెద్ద పరీక్షలు) ఎనిమిదేసి రోజులు వేసుకుంటే 28 పోయాయి. ఆగస్టు 15, సైన్స్ ఫెయిర్, యాన్యువల్ డే రిహార్సల్స్‌కి ఇంకో పది. మిగిలింది 178. అందులో 15 శాతం, అంటే 27 పీరియడ్లు ఖాళీగా ఉంచాలి. కొత్త పాఠాలకి మీ చేతిలో ఉన్నవి 151. మీ స్కూలు అంకెలు వేరుగా ఉంటాయి, వరస మాత్రం ఇదే.

ఆ 27ని మార్చిలో ఒక్కచోట పెడితే దక్కవు, రివిజన్ పేరుతో కొట్టుకుపోతాయి. ఒక్కో ఎఫ్‌ఏ అయ్యాక అయిదు పీరియడ్లు పెట్టండి. మిగతా ఏడూ అక్టోబరు, నవంబరుకి ఉంచండి. హుద్‌హుద్ తుపాను అంతటిది రానక్కర్లేదు, అల్పపీడనం బలపడిందంటే చాలు మన దగ్గర కలెక్టర్ గారు సెలవు ఇచ్చేస్తారు. దసరా సెలవులు కూడా అక్కడే తగులుతాయి. అందుకని ఒకదాని మీద ఒకటి ఆధారపడే బరువైన అధ్యాయాలు, ముఖ్యంగా భిన్నాలు, ఆ రెండు నెలల్లో విరక్కొట్టి పెట్టొద్దు. జులై, ఆగస్టుల్లోనో, డిసెంబరులోనో ఒకే దమ్మున నడిచేలా చూడండి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కాబట్టి ఆ తరవాత కొత్త అంశం ఏదీ పెట్టకపోవడమే మేలు.

ఇక పిల్లల్ని చూడడం. రాతపరీక్ష పెట్టకండి. రాతలో తప్పు కనిపిస్తుంది, తప్పు ఎక్కడ పుట్టిందో కనిపించదు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఆరు నిమిషాలు. 40 మందికి 240 నిమిషాలు, అంటే 40 నిమిషాల పీరియడ్లు ఆరు. ఒక టీచర్ చూస్తుంటే ఇంకొకరు తరగతి నడపాలి. జూన్ రెండో పక్షంలో వారం రోజుల్లో అయిపోతుంది. అసర్ సర్వేలో (పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు, లెక్కలు చూసే సర్వే) వాడే మెట్లే సరిపోతాయి: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో ఒక అంకె, రెండంకెల సంఖ్యలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. పేరాతో మొదలుపెట్టండి. తడుముకోకుండా చదివితే కథ ఇవ్వండి, ఆగిపోతే పదాలకి దిగండి.

తెలుగుకి మాత్రం ఆ మెట్లు కొంచెం చీల్చుకోవాలి. అక్షరాలన్నీ చెప్పే పిల్ల గుణింతాల దగ్గర ఆగొచ్చు, గుణింతాలు దాటినవాడు ఒత్తుల దగ్గర ఆగొచ్చు. పదాల కార్డుని నాలుగుగా విడగొట్టండి: తలకట్టు పదాలు (వల, పడవ), గుణింత పదాలు (చేప, నావికుడు), ద్విత్వాలు (అమ్మ, ఒడ్డు), సంయుక్తాలు (సముద్రం, సూర్యుడు). నాలుగో తరగతిలో చదవడం రాదు అని టీచర్లు రాసిన పిల్లల్లో చాలామందికి రానిది నాలుగో గుంపు ఒక్కటే. వాళ్లని మళ్లీ అ, ఆ దగ్గర కూర్చోబెడితే విసుగు తప్ప ఏమీ రాదు.

ఇక్కడ చెడిపోయేవి కూడా చెప్పాలి. పాఠ్యపుస్తకంలోని పేరా ఇస్తే కంఠతా వచ్చినవాడు గడగడా చదివేస్తాడు, కాబట్టి బయటి పేరా కావాలి. వరసలో నిలబడ్డ పిల్లలు వినేస్తారు, అందుకని నాలుగు రకాల కార్డులు మార్చి మార్చి ఇవ్వాలి. సొంత తరగతిని సొంత టీచర్ చూస్తే ఒక మెట్టు పైకే రాస్తారు, ఇది మనిషి స్వభావం. తరగతులు మార్చుకుని చూడమనండి. ఒడియా, హిందీ పిల్లల విషయంలో చదవడం వేరు, అర్థమవడం వేరు అని రెండు గడులు పెట్టండి, లెక్కల ప్రశ్న వాళ్ల మాటలో అడిగించండి. లెక్క వచ్చి తెలుగు రాని పిల్లాడిని లెక్కల వెనకబాటు గుంపులో వేయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే అన్యాయం. కార్డుల కిట్టు ఆఫీసులో ఏడాది పొడుగునా ఉండాలి. కాంట్రాక్టు పనుల మీద వచ్చే కుటుంబాల పిల్లలు సెప్టెంబరులోనూ చేరతారు, వాళ్లనీ చేరిన వారంలోనే చూడాలి.

మీ అసలు బాధ భాగహారం కదా, మూడో పనికి దాన్నే తీసుకుందాం. భాగహారం రాదు అన్నది మ్యాప్‌లో రాయడానికి పనికిరాని మాట, ఎందుకంటే దాని వెనక కనీసం మూడు వేరు వేరు లోపాలు ఉంటాయి. 624ని 6తో భాగించి 14 అని రాసినవాడికి స్థానవిలువ తేడా. పదుల స్థానంలో సున్నా రాయాలని తెలీదు, జవాబు 104 రావాలి. 512ని 8తో భాగిస్తూ 51లో 48 తీసేస్తే 17 అని రాసినవాడికి తీసివేత రాదు. కింద అంకె పెద్దదైతే 8లో 1 తీసేస్తున్నాడు. 432ని 6తో భాగించమంటే మొదటి అడుగులోనే గోళ్లు కొరుక్కునేవాడికి ఎక్కాలు రావు. ముగ్గురికీ సున్నా మార్కులే, మందు మాత్రం వేరు. మొదటివాడికి వంద, పది, రూపాయి ఆట నోట్లు ఇచ్చి 624 ఆరుగురికి పంచమనండి. వందలు ఒక్కొక్కటి వెళ్తాయి, రెండు పదులు ఆరుగురికి చాలవు, ఎవరికీ ఏమీ రాలేదు కాబట్టి అక్కడ సున్నా రాసి, ఆ పదుల్ని రూపాయిలుగా మార్చుకుంటాడు. దీనికి ఆరేడు పీరియడ్లు పడతాయి. తీసివేతకి నాలుగైదు. ఎక్కాలకి విడిగా పీరియడ్ అక్కర్లేదు, రోజూ తరగతి మొదట్లో అయిదు నిమిషాలు, ఆరు వారాలు. ఇవన్నీ భాగహారం అధ్యాయానికి ముందు వారాల్లో మ్యాప్‌లో కనబడాలి. అధ్యాయం మొదలయ్యాక గుర్తొస్తే అప్పటికి ఆలస్యం.

ఇదే గొలుసు పైకి కూడా సాగుతుంది: భాగహారం లేకపోతే కారణాంకాలు, గుణిజాలు లేవు, అవి లేకపోతే విజాతి భిన్నాల (హారాలు వేరువేరుగా ఉన్నవి) కూడిక లేదు, భిన్నాలు లేకపోతే నిష్పత్తి, శాతం, బారువడ్డీ ఏవీ నిలబడవు. ఎనిమిదో తరగతి టీచరు శాతాలు రావట్లేదని మొత్తుకుంటే జవాబు నాలుగో తరగతి షీటులో ఉంటుంది. అందుకే తరగతికో ఫైలు పెట్టకండి. సబ్జెక్టుకి ఒకే గూగుల్ షీటు, అందులో తరగతికో ట్యాబ్.

షీటులో గడులు ఎనిమిది చాలు: వారం, పిల్లలు చేయగలగాల్సింది, దానికి ముందు రావాల్సింది, పుస్తకంలో పేజీలు, పీరియడ్లు, తరగతిలో పిల్లలు చేసే పని, వచ్చిందని ఎలా తెలుస్తుంది, చివరిది నిజంగా జరిగింది. రెండో గడిలో భిన్నాలు అర్థం చేసుకుంటారు అని రాస్తే కొట్టేయించండి. రెండు విజాతి భిన్నాలను కూడి జవాబును బొమ్మ గీసి చూపగలరు అని రాస్తే ఏడో గడి తనంతట తనే నిండుతుంది. చివరి గడిని శనివారం పది నిమిషాలు కూర్చుని టీచరే నింపాలి. దాన్ని తనిఖీకి వాడారో, అంతా అనుకున్నట్టే జరిగింది అని అబద్ధాలు నిండుతాయి. వచ్చే జూన్‌లో మ్యాప్ మార్చేటప్పుడు పనికొచ్చే గడి అదొక్కటే కాబట్టి దాని జోలికి వెళ్లి ఎవర్నీ మందలించొద్దు.

ఇన్ని పీరియడ్లు ఎక్కణ్నుంచి వస్తాయని టీచర్లు అడుగుతారు, న్యాయమే. పాఠాలు తీసేయక ముందు నోట్సు చూడండి. 40 నిమిషాల పీరియడ్‌లో ప్రశ్నలు జవాబులు బోర్డు మీద రాసి ఎక్కించుకోవడానికే 15 నిమిషాలు పోతుంది. యూనిట్‌కి పన్నెండు ప్రశ్నల నోట్సుని నాలుగుకి దించితే దొరికే సమయం ఏ అధ్యాయం తీసేసినా దొరకదు. తరవాత, కింది తరగతిలో వచ్చేసిందే మళ్లీ వచ్చే అంశాలు (ఆకారాలు, సమయం, డబ్బు): జూన్‌లో పిల్లల్ని చూసినప్పుడు వచ్చిందని తేలితే రెండు పీరియడ్లలో ముగించండి.

షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే సబ్జెక్టుల మధ్య చిక్కులూ బయటపడతాయి. సైన్సులో వేగం లెక్కలు వస్తాయి, లెక్కల్లో దశాంశాల భాగహారం రెండు నెలల తరవాత ఉంటుంది. సోషల్‌లో పటం స్కేలు చెప్పేసరికి నిష్పత్తి ఇంకా రాలేదు. ఇలాంటివి తరగతికి అయిదారు తేలతాయి, అధ్యాయాల వరస మారిస్తే చాలు.

మన ఊరిని కూడా వాడుకోవచ్చు గానీ, పిక్నిక్‌కి మ్యాప్‌లో గడి ఇవ్వకండి. సాంద్రత, తేలడం చెప్పేటప్పుడు రెండు పీరియడ్లు అయ్యాక ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామికి తీసుకెళ్లండి. నీళ్లు నింపుకుంటే మునగడం, గాలితో ఆ నీళ్లని బయటికి నెట్టేస్తే తేలడం ఎలాగో నాలుగు ప్రశ్నల కాగితం చేతికివ్వండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు నేల కోతకి అంతకన్నా మంచి పాఠం, అది రక్షిత భౌగోళిక వారసత్వ స్థలం కాబట్టి మట్టి మూటలు మాత్రం తేవద్దు.

భాష రాని పిల్లలకి ప్రతి యూనిట్ ముందు పది మాటల పట్టీ చాలు: తెలుగు మాట, పక్కన బొమ్మ, ఇంటి భాషలో మాటకి ఖాళీ. ఆ ఖాళీ పిల్లలే ఇంట్లో అడిగి నింపుకొస్తారు. ప్రభుత్వ ద్విభాషా పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో ఇంగ్లిషు, తెలుగు ఉంటాయి, అవి దొరికితే టీచర్ బల్ల మీద ఒక సెట్ ఉంచండి.

మెట్లలో బాగా కిందున్న వాళ్లకి పాఠం మధ్యలో సర్దుబాటు చాలదు. 3, 4, 5 తరగతులకి రోజూ ఒకే పీరియడ్‌ని ఒకే టైముకి పెట్టి, తరగతిని బట్టి కాకుండా మెట్టుని బట్టి కూర్చోబెట్టండి. ఎనిమిది వారాలు, నాలుగు వారాలకోసారి మళ్లీ చూసి గుంపులు మార్చాలి. మార్చకపోతే అది శాశ్వతంగా డల్ బ్యాచ్ అయిపోతుంది. ఇంకొకటి, అందరికన్నా కొత్త టీచరుకి కింది గుంపు అప్పజెప్పడం మన స్కూళ్లలో మామూలు. తిప్పేయండి, అనుభవం ఉన్నవారు అక్కడే కావాలి.

ఎఫ్‌ఏ పేపరులో అయిదో వంతు ప్రశ్నలు వచ్చే యూనిట్‌కి ముందు రావాల్సిన వాటి మీద పెట్టండి. దిద్దాక మార్కులతో పాటు ప్రశ్నల వారీ పట్టిక వేయండి: నిలువున పిల్లలు, అడ్డంగా ప్రశ్నలు, తప్పుకి చుక్క. సగం మందికి పైగా చుక్క ఉంటే అది తరగతి మొత్తానికి మళ్లీ చెప్పాలి, ఆ అయిదు ఖాళీ పీరియడ్లు అందుకే. అయిదారుగురైతే చిన్న గుంపు. ఒకరిద్దరైతే నోట్సు దిద్దేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది.

మేనేజ్‌మెంట్‌కి సిలబస్ తగ్గించాం అనే మాట వాడొద్దు, తగ్గించట్లేదు కూడా. జూన్, అక్టోబరు, ఫిబ్రవరిల్లో ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో ఒక్క పేజీ పట్టిక ఇవ్వండి. వాళ్లకి అంకెలే అర్థమవుతాయి. తల్లిదండ్రులు నోట్సు ఎందుకు ఖాళీగా ఉందని తప్పకుండా అడుగుతారు, ముఖ్యంగా అన్నయ్య పాత నోట్సు ఇంట్లో ఉన్నవాళ్లు. దానికి జులై మీటింగులోనే, బిడ్డని పక్కన నిలబెట్టి, జూన్‌లో చదివిన కార్డూ ఇప్పుడు చదవగలిగే కార్డూ చదివించండి. అయిదో తరగతికైతే 624ని ఆరుగురికి నోట్లతో పంచి చూపించమనండి. మీటింగుకి రాలేని వాళ్లకి అదే వాట్సాప్‌లో అరనిమిషం వీడియోగా పంపండి, కానీ క్లాస్ గ్రూపులో వేయొద్దు, ఆ ఇంటికి మాత్రమే.