మూడూ ఒకే రోజు కావాలంటే స్నార్కెలింగ్ ముందు పెట్టండి

గుర్రపు స్వారీ, జిప్‌లైన్ (కట్టిన తీగ మీద వేలాడుతూ జారడం), స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్లపై తేలి లోపలి చేపల్ని చూడటం) మూడూ ఒకే రోజు ఎలా కుదుర్చుకోవాలని అడిగారు. పోయినసారి చేపలు కనిపించలేదని, తమ్ముడికి గుర్రం మీద తొడలు ఒరుసుకుపోయాయని కూడా చెప్పారు. చిక్కంతా మీ వరసలోనే ఉంది. పొద్దున గుర్రం, తర్వాత జిప్‌లైన్, మూడింటికి స్నార్కెలింగ్ అని రాశారు. మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి లేస్తుంది, అలలు పెరిగి నీళ్లు మసకబారతాయి. పోయినసారి చేపలు కనిపించకపోవడం అందుకే అయ్యుంటుంది.

1. పొద్దున్నే స్నార్కెలింగ్. టిఫిన్ తేలిగ్గా, రెండిడ్లీలు చాలు.
2. తర్వాత జిప్‌లైన్. బరువు పరిమితి ఎంతో బుకింగ్ అప్పుడే అడగండి.
3. ఎండ తగ్గాక గుర్రం.

అందరూ మర్చిపోయేది స్నార్కెలింగ్‌కీ జిప్‌లైన్‌కీ మధ్య పని: బట్టలు మార్చడం. ఉప్పునీటి తడి షార్ట్స్‌తో జీను ఎక్కితే తొడలు ఒరుసుకుపోతాయి. మీ తమ్ముడికి జరిగింది ఇదే. జిప్‌లైన్‌లో ఒంటికి కట్టే హార్నెస్ పట్టీలు కూడా అలాగే కోస్తాయి. మంచినీళ్లతో కడుక్కుని, ఒళ్లు పూర్తిగా ఆరాక పొడి ఫుల్ ప్యాంటు వేసుకోండి. చెప్పులతో గుర్రం ఎక్కనివ్వకండి, పాదం రికాబులో (జీనుకు వేలాడే, కాలు పెట్టే కడియంలో) ఇరుక్కుంటే ప్రమాదం. కొంచెం మడమ ఉన్న బూట్లు ఉండాలి.

బెంగళూరు నుంచి స్నార్కెలింగ్‌కి కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవికే వెళ్తుంటే, ఒడ్డునున్న మురుడేశ్వర్ నుంచి బోటులో సుమారు 19 కిలోమీటర్లు. ఒక పూట దానికే పోతుంది, గుర్రం మర్నాటికి పెట్టుకోండి. వానాకాలంలో మాత్రం అటు ప్లాన్ చేయకండి.