కర్పూర అరటిలో పసుపు చారలు: ఇది సిగటోకా కాదు

ప్రశ్న: రెండెకరాల్లో టిష్యూకల్చర్ కర్పూర చక్కెరకేళి వేశాను. ఇప్పుడు ఆరో నెల. ఆకుల మీద పసుపు చారలు వచ్చి నల్లబడుతున్నాయి. కొన్ని మొక్కల మాను అడుగున చీలింది. మందుల కొట్టులో సిగటోకా (ఆకుమచ్చ తెగులు) అని చెప్పి మాంకోజెబ్ అనే బూజు తెగులు మందు, స్ట్రెప్టోసైక్లిన్ ఇచ్చారు. నాలుగుసార్లు కొట్టినా తగ్గలేదు. పక్క తోట నుంచి సోకిందా? ఏ మందు వాడాలి?
– ఒక రైతు, రావులపాలెం

జవాబు: ఇక పిచికారీ ఆపండి. సిగటోకా మచ్చ కండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో ఉంటుంది. నడిమి ఈనె నుంచి అంచు వైపు తెగుతూ సాగే చారలు, మాను చీలడం అరటి చారల వైరస్ (బనానా స్ట్రీక్ వైరస్) లక్షణాలు. దీనికి మందు లేదు. స్ట్రెప్టోసైక్లిన్ బ్యాక్టీరియా మందు, వైరస్‌ను ఏమీ చేయదు. ఆకు చూడకుండానే సీసా చేతిలో పెట్టే కొట్టు మాట విని నాలుగు పిచికారీల ఖర్చు పోగొట్టుకున్నారు.

పక్క తోటను అనుమానించే ముందు మీ మొక్కనే చూడాలి. కర్పూర చక్కెరకేళి ఏఏబీ రకం, అంటే ఏ, బీ అనే రెండు అడవి అరటి జాతుల కలయిక. ఇందులోని బీ భాగం మ్యూసా బల్బిసియానా అనే అడవి అరటిది. ఆ జాతి క్రోమోజోముల్లో ఎప్పుడో ఈ వైరస్ డీఎన్ఏ అతుక్కుపోయింది. చాలా ముక్కలు తెగి, తారుమారై పనికిరాకుండా ఉన్నాయి. కొన్ని మాత్రం నీటి ఎద్దడికో, ఎండ తీవ్రతలో హెచ్చుతగ్గులకో, టిష్యూకల్చర్ ఒత్తిడికో మేలుకుని పూర్తి వైరస్‌ను పుట్టిస్తాయి. ప్రతి కణంలోనూ ఉన్న దాన్ని వేడి చికిత్సతోనో, మొవ్వు కణజాలం పెంచో తీసేయలేం. లేదా తల్లిమొక్కలోనే వైరస్ ఉండి మొక్కలతో మీ చేలోకి వచ్చి ఉండొచ్చు. పొలంలో దీన్ని మోసేది పిండినల్లి. కత్తితో, మట్టితో అంటదు.

మొవ్వు ఎండిన, మాను చీలిన మొక్కలను దుంపతో సహా తవ్వి తీసేయండి. చారలు తక్కువగా ఉన్నవి ఉంచి బాగా మేపండి: 40 రోజులకోసారి మొక్కకు 110 గ్రా. యూరియా, 80 గ్రా. మ్యూరేట్ ఆఫ్ పొటాష్, మానుకు అడుగున్నర దూరంలో గుంత తీసి వేసి వెంటనే తడి ఇవ్వండి. వేసవిలో డెల్టా కాలువలు కట్టేసే రోజులే ఈ రకానికి గండం. బోరు నీరు చూసుకుని 4–5 రోజులకో తడి తప్పనివ్వకండి. మురుగు నిలిచినా మొక్కకు ఒత్తిడే. పిండినల్లి కనిపించిన చోట మాత్రమే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 గ్రా. సబ్బు పొడి కలిపి ఆకు తొడిమల సందుల్లో తడిసేలా కొట్టండి. పిండినల్లిని కాపాడే చీమల పుట్టలను కూడా తీసేయాలి.

ఈ తోట పిలకలు ఎవరికీ ఇవ్వకండి, మీరూ నాటకండి. చారలు నెలల తరబడి దాగి మళ్లీ కనిపిస్తాయి. అందుకే ఏడాది పొడవునా గమనించి, చార లేని తోట నుంచే సూది పిలకలు (సన్నని కత్తిలాంటి ఆకులున్న పిలకలు) తీసుకోవాలి. టిష్యూకల్చర్ మొక్కలు కొంటే వైరస్ పరీక్ష ధ్రువపత్రం అడగండి. అది ఏ పద్ధతిలో చేశారో కూడా అడగండి. మామూలు పీసీఆర్ (డీఎన్ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) క్రోమోజోములో నిద్రపోతున్న ముక్కను కూడా పట్టి, మంచి మొక్కకూ వైరస్ ఉందంటుంది. వైరస్ కణాలనే పట్టే ఇమ్యునో క్యాప్చర్ పీసీఆర్, లేదా వలయాకార వైరస్ డీఎన్ఏను పెంచి చూసే ఆర్సీఏ పరీక్ష కావాలి. చారలున్న లేత ఆకు ముక్కలు కాగితంలో చుట్టి కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానంలో చూపించండి, మిగతా మొక్కలను ఉంచాలో తీయాలో అక్కడ చెబుతారు.