సోలార్ ముందా, కార్డు బాకీ ముందా?

ప్రశ్న: నా వయసు 36. ఖమ్మంలో సొంతిల్లు. జీతం చేతికి రూ.46,000 వస్తుంది, ఇంటి ఖర్చు రూ.32,000. మార్చిలో ఫ్రిజ్ పాడైతే క్రెడిట్ కార్డు మీద కొత్తది కొన్నాను. నెల తిరక్కుండానే బోరు మోటారు కాలిపోయింది, అదీ కార్డు మీదే. ఇప్పుడు బాకీ రూ.64,000. నెలనెలా మినిమం డ్యూ రూ.3,200 కడుతున్నాను. బ్యాంకులో రూ.22,000 ఉంది. కరెంటు బిల్లు ఎండాకాలం నాలుగు నెలలు రూ.2,400 చొప్పున, మిగతా నెలల్లో రూ.1,100 వస్తుంది. బిల్లుతో, కోతలతో విసిగిపోయి 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామనుకుంటున్నాను. రూ.2,10,000 అవుతుందట. ఉన్న డబ్బు పోగా మిగతాది ఒక యాప్‌లో నెలకు 2 శాతం వడ్డీకి ఇస్తామంటున్నారు. సబ్సిడీ వస్తుంది కదా, తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఆ యాప్‌ను ఈ రోజే ఫోన్‌లోంచి తీసేయండి.

ఏటా మీ కరెంటు బిల్లులు కలిపితే రూ.18,400, అంటే నెలకు సగటున రూ.1,530. సోలార్ పెట్టాక బిల్లు మొత్తం మాయమైందనుకున్నా మిగిలేది అంతే. రూ.1,88,000 అప్పుకు 2 శాతం చొప్పున మొదటి నెల వడ్డీ ఒక్కటే రూ.3,760. పదిహేను వందలు మిగుల్చుకోవడానికి మూడువేల ఏడువందలు కట్టే బేరం ఇది. నెలకు రెండే అనిపిస్తుంది గానీ, ఏడాదికి అది 24 శాతం.

అసలు మిమ్మల్ని తినేస్తున్నది కరెంటు బిల్లు కూడా కాదు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 శాతం దాకా ఉంటుంది. రూ.64,000 మీద అది రూ.2,240. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు రూ.2,640. మీ మే నెల కరెంటు బిల్లు కంటే ఎక్కువ! మీరు కట్టే రూ.3,200లో బాకీ నుంచి తగ్గేది ఐదారు వందలే. బాకీ మిగిలి ఉన్నన్నాళ్లు కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డు బీరువాలో పెట్టి తాళం వేయండి.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఫ్రిజ్, మోటారు, గీజరు, వాషింగ్ మెషిన్, ఇవి ఏదో ఒక రోజు ఆగిపోతాయని అందరికీ తెలుసు. అయినా ఆగిన రోజున పిడుగు పడ్డట్టు కంగారుపడి ఈఎంఐకి పరిగెత్తుతాం. ఆ కంగారు ఖరీదు వడ్డీతోనే పోదు. మా ఇంట్లో ఒకసారి ఏసీ చల్లదనం ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ కంప్రెసర్ పోయింది, కొత్తది కొనుక్కోవడం నయమన్నాడు. రెండు రోజులు ఓపిక పట్టి ఇంకొకతన్ని పిలిస్తే, కెపాసిటర్ మార్చి ఐదు వందలు తీసుకుని వెళ్లాడు. (మీరే విప్పే సాహసం చేయకండి, స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది.) మీ ఫ్రిజ్‌ను రెండో మనిషికి చూపించారా? రాయలేదు. చేతిలో డబ్బు ఉంటే చూపించేవారేమో. లేకపోతే మాత్రం ఏ షాపు ఈఎంఐ ఇస్తుందో ఆ షాపులో, అది ఇచ్చే మోడలే కొంటాం.

కాబట్టి నా లెక్క ఇది. నెలకు మిగిలే రూ.14,000 మొత్తం కార్డుకే కట్టండి. ఆరో నెలలో బాకీ తీరిపోతుంది. బ్యాంకులోని రూ.22,000 మాత్రం ముట్టుకోకండి, మళ్లీ ఏదైనా పాడైతే కార్డు బయటికి రాకుండా ఆపేది అదే. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టి కార్డు బాకీ ఒకేసారి తీర్చడమూ ఒక దారే, కానీ ఆ తర్వాత కార్డు మళ్లీ గీకితే రెండు అప్పులవుతాయి.

తర్వాత అదే రూ.14,000 అత్యవసర నిధికి వెళ్లాలి. ఆరు నెలల ఖర్చు అంటే రూ.1,92,000. ఉన్న ఇరవై రెండు వేలు పోను, ఏడాదికి కాస్త అటూఇటూగా నిండుతుంది. మూడు నెలలకు సరిపడా చాలదా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో సంపాదించేవారు మీరొక్కరే అయితే చాలదు. స్వీప్ ఇన్ ఎఫ్‌డీలోనో (సేవింగ్స్ ఖాతాకు కలిపి ఉండే, అవసరమైనప్పుడు దానంతటదే ఖాతాలోకి వచ్చే డిపాజిట్) లిక్విడ్ ఫండ్‌లోనో (డబ్బు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి, రాబడి గురించి ఆలోచించకండి. అది నిండాక ఇంట్లోని యంత్రాల కోసం విడిగా నెలకు వెయ్యి పక్కన పెట్టండి. ఆరోగ్య బీమా గురించి ఒక్క మాటా రాయలేదు. లేకపోతే నిధి నిండేదాకా ఆగకుండా ముందు అది తీసుకోండి.

ఇక సోలార్. అది చెడ్డదని నేననను. 3 కిలోవాట్లకు కేంద్రం ఇంటి పైకప్పు సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద రూ.78,000 సబ్సిడీ ఉంది. కానీ అది ప్యానెళ్లు బిగించి, తనిఖీ అయ్యాకే మీ ఖాతాలో పడుతుంది. వెండర్ పథకం పోర్టల్‌లో నమోదై ఉండాలి. నిధి సిద్ధమయ్యాక ప్రభుత్వ బ్యాంకుకు వెళ్తే ఇదే పథకం కింద తాకట్టు లేకుండా, యాప్ అడిగిన దాంట్లో సగం కూడా లేని వడ్డీకి లోన్ ఇస్తారు.

ఇంకొకటి, వెండర్ మీకు చెప్పాడో లేదో. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కు కలిపేది), లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. కోతల్లో కూడా నడవాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ కావాలి, దాని ధర వేరు. కోతలే మీ బాధైతే ప్రస్తుతానికి ఇన్వర్టరే దారి. ఇప్పటికే ఉంటే బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకుంటూ ఉండండి. మార్చాల్సి వచ్చినప్పుడు పాత బ్యాటరీని ఊరికే ఇచ్చేయకండి, లోపలి సీసానికి మంచి ధర పలుకుతుంది. కొత్తదాని బిల్లులో దాన్ని తగ్గించమని అడగండి.