శ్రావణీ, పిల్లల్ని నవ్వులపాలు చెయ్యకు

చి. శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

పలాసలో డిగ్రీ పిల్లలకి ఈ ఏడు ప్రాగ్మాటిక్స్ పద్ధతిలో, అంటే ఎవరితో ఎప్పుడు ఎలా మాట్లాడాలో నేర్పుతూ, ఇంగ్లీషు చెప్తావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వపడ్డానో, అంత బెంగా పట్టుకుంది.

రోల్‌ప్లేలు బస్టాండు, బ్యాంకు, హాస్టల్ చుట్టూ రాసుకో. ఈ పద్ధతి వెనకున్న సిద్ధాంతకర్తలు ఆస్టిన్, గ్రైస్ పేర్లు నోట్సు రాయించకు.

ఒక్క సంగతి మాత్రం శ్రద్ధగా విను. నా దగ్గర చదివిన కుర్రాడొకడు, గ్రామర్‌లో దిట్ట, ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాడు. "యూ హావ్ నాట్ వర్క్‌డ్ బిఫోర్?" అనడిగారు. "యెస్ సర్" అన్నాడు. "ఇదివరకు పని చెయ్యలేదా?" అంటే మనం "అవునండీ, చెయ్యలేదు" అనమూ? ఇంగ్లీషులో అక్కడ "నో" రావాలి. వాళ్లు ఎక్కడ చేశావు, ఎన్నాళ్లు చేశావు అని మొదలుపెట్టారు. వీడు కంగారుపడి చెయ్యలేదన్నాడు. అబద్ధమాడి దొరికిపోయాడనుకున్నారు. పైగా తిరిగొచ్చాక ఒక లెక్చరర్ ఆ జవాబు స్టాఫ్‌రూమ్‌లో మళ్లీ చెప్పించి అందర్నీ నవ్వించాడు. ఉద్యోగం రాకపోయినా తట్టుకున్న పిల్లాడు, ఆ నవ్వుతో ఇంగ్లీషులో నోరు విప్పడమే మానేశాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది. గ్రామర్ తప్పితే భాష రాదనుకుంటారు, సందర్భానికి తగ్గ మాట తప్పితే మనిషినే తప్పుపడతారు. జెన్నీ థామస్ అనే భాషావేత్త 1983లో రాసిన వ్యాసం సారం కూడా ఇదే.

నీకు నవ్వూ తొందరే, కోపమూ తొందరే. "గివ్ మీ టూ డేస్ లీవ్" అని ఏ పిల్లైనా రాసుకొస్తే పొగరనుకోకు. "ఇవ్వండి" అని మనసులో అనుకునే రాసి ఉంటుంది. ఆ "అండి" ఇంగ్లీషు క్రియకి అతకదు, "కుడ్ ఐ" అని వేరే దారిలో రావాలి. ముందు ఆ పిల్ల మర్యాదని గుర్తించు, ఆ తర్వాత దిద్దు. అలాగని "కుడ్ యూ ప్లీజ్"లు బట్టీ పట్టించావో, పక్కనున్న స్నేహితురాలిని పెన్ను అడగడానికీ అవే వాడతారు. ఎవరిని అడుగుతున్నాం, ఎంత చనువు, ఎంత పెద్ద సాయం? ఇవి ఆలోచింపజెయ్యి. అత్తతో ఒకలా, వదినతో ఒకలా మాట్లాడే పిల్లలకి ఇది కొత్త విద్య కాదమ్మా. నువ్వే చిన్నప్పుడు జీడిపప్పు పాకం కావాలంటే ముందు నా కళ్లజోడు తుడిచి తెచ్చేదానివి.

పరీక్ష మాత్రం రాతలో పెట్టకు, మాట్లాడించి మార్కులు వెయ్యి. ప్రశ్నలు తయారయ్యాక నాకు పంపు, చూసిపెడతాను. వేళకి తిను.

మావయ్య