ఎల్ నినో వస్తే కరువు ఖాయమేనా?

ప్రశ్న: "ఏప్రిల్ నుంచే టీవీల్లో ఎల్ నినో అంటూ బెదరగొడుతున్నారు. అది వస్తే తెలంగాణ, రాయలసీమల్లో కరువు తప్పదా?"

తప్పదని ఏమీ లేదు. ఎల్ నినో అంటే పసిఫిక్ మహాసముద్రం నడిమి, తూర్పు భాగాల నీరు మామూలుకన్నా వేడెక్కడం. 1997లో వచ్చింది గత శతాబ్దపు అతి బలమైన ఎల్ నినోల్లో ఒకటి. ఆ ఏడు దేశంలో నైరుతి వర్షం సాధారణం కన్నా 2 శాతం ఎక్కువే పడింది. 2002లో వచ్చింది ఓ మోస్తరుది. అయినా జులై వాన సగానికి పడిపోయింది, సీజన్ మొత్తం 19 శాతం లోటుతో ముగిసింది. 1997లో పసిఫిక్ వేడంతా దక్షిణ అమెరికా వైపు పేరుకుంది. 2002లో మహాసముద్రం నడిమధ్యకు చేరింది. అలా మధ్యలో వేడెక్కితే, మామూలుగా ఇండోనేసియా చుట్టుపక్కల పైకి లేవాల్సిన గాలి ఆ నడి సముద్రం మీద లేచి మన వైపు దిగుతుంది. దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది, మబ్బును ఎత్తుకు ఎదగనివ్వదు. 1997లో హిందూ మహాసముద్రం పడమటి భాగం వేడెక్కడం కూడా మనకు కలిసొచ్చింది.

కాబట్టి ఏప్రిల్‌లో పసిఫిక్ మ్యాపు చూసి విత్తనాల సంచి మూలన పెట్టేయకండి. చూడాల్సింది జులై, ఆగస్టుల్లో రుతుపవన ద్రోణి (వానను వెంట తిప్పే తక్కువ పీడనపు గీత) ఎక్కడుందన్నది. ఎల్ నినో వచ్చిన 2023 చూస్తే విషయం తేటపడుతుంది.

ఆ జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. పడింది. ఊళ్లు మునిగాయి, చెరువులు తెగాయి. రెండు వారాలు తిరక్కుండానే ద్రోణి హిమాలయాల పాదాల దగ్గరికి జరిగిపోయింది. వాన కూడా దాని వెంటే వెళ్లింది. ఆగస్టు నడిమిలో సిమ్లాలో కొండచరియలు విరిగిపడుతుంటే తెలంగాణలో నెర్రెలు విచ్చాయి. రెండింటికీ కారణం ఆ ఒక్క గీతే. దేశం మొత్తానికి ఆ ఆగస్టులో 36 శాతం లోటు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు. తెలంగాణలో ఆ నెల వాన సాధారణంలో సగానికి కూడా చేరలేదు.

జులై తడి ఆగస్టును కాయలేకపోయిందేమని అడుగుతారు. నీళ్లు నిలిచిన చేలో వేరుకు గాలి అందదు, అది లోతుకు పోకుండా పైపైనే ఉండిపోతుంది. ఆ వెంటనే బెట్ట వస్తే పై పొర ముందు ఆరుతుంది, పత్తి గూడ (పూమొగ్గ) రాలుస్తుంది. లెక్క వేసుకోండి. 30 సెం.మీ. లోతున్న ఎర్ర చెల్కలో మొక్కకు అందే నీరు 30 మి.మీ. అటూ ఇటూ. పంట రోజుకు 4 నుంచి 5 మి.మీ. తాగుతుంది. అంటే మీకున్న గడువు వారం. మీటరు లోతు నల్లరేగడి అయితే నాలుగు వారాలు తట్టుకుంటుంది. ఒకే ఆకాశం కింద పక్కపక్క చేలల్లో ఒకటి ఎండి ఒకటి నిలవడం అందుకే.

ఇక కాగితం మీద చూస్తే 2023లో తెలంగాణకు కరువే లేదు. సీజన్ మొత్తం సగటు సాధారణానికి తగ్గలేదు మరి! పంట మాత్రం ఎండింది. వానలోటు కరువు, పంట కరువు, నీటి కరువు మూడూ ఒకేసారి రానక్కర్లేదు. అదే ఏడు శ్రీశైలం జలాశయం 885 అడుగుల నిండు మట్టానికి చేరలేదు, సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగికి నీళ్లు లేవు. కృష్ణకు నీళ్లొచ్చేది మన వానతో కాదు, మహారాష్ట్ర, కర్ణాటక పడమటి కనుమల వానతో. నల్లగొండలో కుండపోత పోసినా కనుమల్లో తగ్గితే కాల్వ ఎండుతుంది. మరుసటి వేసవిలో బెంగళూరు ట్యాంకర్ల వెంట పరిగెత్తడం కూడా ఆ ఏటి లోటు ఫలితమే.

రాయలసీమ కథ వేరు. అనంతపురానికి ఏడాదికి పడేదే సుమారు 550 మి.మీ. అరేబియా సముద్రం నుంచి వచ్చే గాలి తడంతా కనుమల అవతలే దించేసి, ఇటు దిగుతూ వేడెక్కుతుంది. ఆషాఢంలో మబ్బులు పరుగులు పెడుతుంటాయి, చినుకు రాలదు. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పేది ఆ గాలే. ద్రోణి హిమాలయాలకు పోయి దేశమంతా ఎండుతున్నప్పుడు ఈ పడమటి గాలి నెమ్మదిస్తుంది. అప్పుడు తమిళనాడు, సీమల్లో సాయంత్రపు ఉరుముల వానలు పెరగడం కద్దు. కాబట్టి దేశం లోటును సీమ లోటుగా చదవకండి. అక్కడ వేరుశనగను చంపేది విత్తిన 40 నుంచి 60 రోజుల మధ్య, ఊడలు (నేలలోకి దిగి కాయగా మారే కాడలు) దిగేటప్పుడు వచ్చే బెట్ట. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు. తర్వాత ఎంత వాన పడినా ఆ కాయ రాదు.

కరువు మండలాల ప్రకటన గురించి కూడా చెప్పాలి. నిబంధనల్లో వర్షలోటుతో పాటు బెట్ట కాలం కూడా ఉంది: సాధారణంలో సగం కూడా పడని వారాలు వరసగా మూడు నాలుగు ఉండాలి. ఇరవై రోజుల ఎండ మధ్య ఒక్క సాయంత్రం 60 మి.మీ. దంచితే వరస తెగుతుంది, సగటు కూడా నిండుతుంది. ఎర్ర నేలలో అందులో సగం వాగులోకే పోతుంది. మండలానికి ఒకటో రెండో వర్షమాపకాలు పెట్టి పొలం సంగతి చెప్పమంటే ఎలా చెబుతాయి?

ఇక మీ చేతిలో ఉన్నవి. తొలకరి జల్లుకే పత్తి గింజ పెట్టొద్దు, 60 నుంచి 70 మి.మీ. పడాలి. బెట్ట మొదలైన అయిదారు రోజులకే గుంటుక (పై మట్టిని గుల్ల చేసే పనిముట్టు) తోలండి, పై పొర వదులైతే నెర్రెల్లోంచి తడి పోదు. ఆకు వడలకముందే లీటరుకు 20 గ్రాముల యూరియా గానీ 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) గానీ పిచికారీ చేయండి. పూర్తిగా వడలిన మొక్క మీద, మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. ఎకరానికి 10 మి.మీ. తడి అంటే 40 వేల లీటర్లు. ఆ తడి కోసం చేలో వాననీటి కుంట తవ్వుకోవచ్చు. 10 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 2.5 లోతు కుంటలో 250 ఘనమీటర్లు పడతాయని చెబుతారు, నమ్మకండి. గట్టు జారకుండా 1:1 వాలు పెడితే పట్టేది సుమారు 145. మూడున్నర ఎకరాలకు ఒక్క తడి, అదీ ఇంకిపోకుండా ఉంటే. ఎర్ర నేలలో అడుగున షీటు పరవకపోతే వాన వెలిసిన కొద్ది రోజులకే కుంట ఖాళీ.

రోజూ ఐఎండీ (భారత వాతావరణ శాఖ) బులెటిన్‌లో ద్రోణి వాక్యం చదవండి. గంగానగర్ నుంచి కోల్‌కతా మీదుగా బంగాళాఖాతంలోకి దిగుతోందంటే ఉన్నచోటే ఉన్నట్టు. అంతకన్నా దక్షిణానికి జరిగితే తెలంగాణకు మంచిది. హిమాలయాల పాదాల దగ్గరుందని రాస్తే యూరియా పైపాటు ఆపి, గుంటుక సిద్ధం చేసుకోండి. ప్రతి గురువారం రాబోయే వారాల అంచనా కూడా ఇస్తారు. ఏప్రిల్ జోస్యం కన్నా అది ఎంతో నయం.