గిమ్మీ ఇచ్చేదే, తీసుకునేది కాదు

ఆదివారం ఆట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో నేను గోల్ఫ్ ఆడతానని ఒక మాట జారాను. అంతే, ఈసారి షటిల్ వాళ్లూ క్యారమ్స్ వాళ్లూ పక్కకి తప్పుకున్నారు, ఉత్తరాలన్నీ గోల్ఫ్ మీదే. ముందే చెప్పేస్తున్నాను: మాది తెనాలి. బెంగళూరు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మొదటిసారి గోల్ఫ్ కర్ర పట్టుకున్నది 49వ ఏట, ఇప్పుడు 61. హ్యాండిక్యాప్, అంటే నాలాంటివాళ్లకి స్కోరులోంచి తగ్గించే దెబ్బల లెక్క, 26 దగ్గర కూర్చుంది, కిందికి దిగనంటోంది. కాబట్టి బాగా ఆడటం ఎలాగో నన్ను అడక్కండి. నలుగురు కలిసి ఆడి, నలుగురూ మాట్లాడుకుంటూ ఇంటికి రావడం ఎలాగో మాత్రం కాస్త తెలుసు.

ప్రశ్న: మా బ్యాచ్‌లో ఎనిమిది మందిమి, అందరం తెలుగువాళ్లమే. నలుగురు చొప్పున రెండు ఫోర్‌బాల్స్‌గా ఆడతాం. అందరికంటే పెద్దాయన్ని అన్నా అని పిలుస్తాం. ఆయన రెండడుగుల పట్ (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) మిగిలితే బంతిని చేత్తో తీసేసి "గిమ్మీయే కదా" అంటాడు. మొదటి షాట్ చెడితే ఇంకో బంతి వేసుకుంటాడు. ఎనిమిది దెబ్బలు కొట్టి ఆరని రాస్తాడు. చివర్లో ఆయనే గెలుస్తాడు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమో, అడక్కపోతే మాకు కడుపుమంట. – ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: గిమ్మీ అంటే మిగిలిన చిన్న పట్ కొట్టకుండానే పడ్డట్టు లెక్క. అది తాంబూలం లాంటిది బాబూ. ఎదుటివాళ్లు ఇస్తే పుచ్చుకోవాలి, పళ్లెంలోంచి మనమే తీసుకోకూడదు. రూల్స్ పుస్తకం చెప్పేదీ అదే. ఇద్దరు హోల్ హోల్‌కీ (పద్ధెనిమిది గుంటల్లో ఒక్కోదానికీ) పోటీ పడే మ్యాచ్‌ప్లేలో ఎదుటివాడు "అది చాలు, తీసెయ్" అనొచ్చు. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు, వద్దనడానికి ఇవతలివాడికీ వీల్లేదు. మొత్తం దెబ్బలు లెక్కపెట్టే స్ట్రోక్‌ప్లేలో మాత్రం గిమ్మీ అన్న మాటే లేదు. బంతి గుంటలో పడాల్సిందే.

ఇచ్చిన గిమ్మీ ఎంత పెద్ద మాట కాగలదో చెప్తాను. అమెరికా, బ్రిటన్ జట్లు తలపడ్డ 1969 రైడర్ కప్‌లో, చివరి మ్యాచ్ చివరి హోల్ దగ్గర, అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్ తన ప్రత్యర్థి టోనీ జాక్లిన్‌కి రెండు మూడడుగుల పట్ వదిలేశాడు. దాంతో మొత్తం పోటీ 16–16తో సమమైంది. నిక్లాస్ సొంత జట్టులోనే కొందరికి అది నచ్చలేదు, అది వేరే సంగతి. అదే పట్‌ని జాక్లిన్ తనంతట తాను ఎత్తి జేబులో వేసుకుని ఉంటే? మీ అన్నగారు చేస్తున్నది అదే.

మరి ఆదివారం ఆటలో గిమ్మీలు లేకుండా కుదురుతుందా? కుదరదు. వెనక ఇంకో బ్యాచ్ చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. అందుకే మా బ్యాచ్‌లో ఒక కొలత పెట్టుకున్నాం. పటర్ (పట్ చేసే కర్ర) తలని గుంటలో పెట్టి కర్రని నేలమీద పడుకోబెడతాం. బంతి గ్రిప్ (చేత్తో పట్టుకునే భాగం) మొదలయ్యే చోటికి ఇవతలే ఉంటే గిమ్మీ, సుమారు రెండడుగులు. కొలత ఉన్నా సరే, "ఇచ్చాం" అని మిగతావాళ్లలో ఒకరు పైకి అనాలి. ఆ మాట వినబడేదాకా బంతి మీద చెయ్యి వేయకూడదు. మొదటి నెల అందరం మర్చిపోయేవాళ్లం, ఇప్పుడు అలవాటైపోయింది.

రెండో బంతిని మల్లిగన్ అంటారు. రూల్స్ పుస్తకంలో అది ఎక్కడా లేదు. మేం మాత్రం మొదటి టీ మీద, అంటే ఆట మొదలుపెట్టే చోట, తలా ఒకటి ఒప్పుకున్నాం. ఎందుకంటే సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ అవతలి నుంచి వచ్చేవాళ్లు పాపం నడుం కూడా విదిలించుకోకుండా కారు దిగి నేరుగా టీ మీదకే వస్తారు. రెండో హోల్ నుంచి లేదు. పద్ధెనిమిదో హోల్ మీద అడిగితే అసలు లేదు.

ఇక ఎనిమిది ఆరు కావడం. ఆయన అబద్ధం ఆడుతున్నాడని అప్పుడే అనుకోకండి. చెత్త హోల్‌ని మనసు త్వరగా మర్చిపోతుంది, నాకూ జరిగింది. రెండు పనులు చేయండి. ఒకటి, స్కోరు కార్డులు మార్చుకోండి, ఎవరి స్కోరు వాళ్లు రాసుకోవద్దు. పోటీల్లో పద్ధతి కూడా అదే. రెండు, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దిగి పక్కకి రాగానే, తర్వాతి టీకి నడుస్తూనే పైకి లెక్కపెట్టండి: "అన్నా, డ్రైవ్ ఒకటి, చెట్ల కింద నుంచి రెండు, నీళ్లలోకి మూడు, దానికి పెనాల్టీ నాలుగు, డ్రాప్ చేసి కొట్టింది అయిదు, బంకర్ ఇసుకలో రెండు, పట్ ఒకటి. ఎనిమిదేనా?" నిలదీసినట్టు కాదు, పచారీ కొట్టు చీటీ చదివినట్టు. అందరికీ అలాగే చదవండి, మీతోనే మొదలుపెట్టండి. ఒక్క దెబ్బే కదా అనుకోవడానికి లేదు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్‌కి పతకం తప్పిపోయింది ఆ ఒక్క దెబ్బ తేడాతోనే. ఆ శనివారం మా అపార్ట్‌మెంట్‌లో, గోల్ఫ్ ముఖం ఎరగనివాళ్లు కూడా టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

ఇంకా చిన్నబుచ్చుకుంటాడని టెన్షన్ ఉంటే ఆటనే స్టేబుల్‌ఫోర్డ్‌కి మార్చేయండి. 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్‌లో ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే డాక్టరుగారు ఈ పద్ధతిలో మొదటి పోటీ పెట్టించారు. హ్యాండిక్యాప్ తీసేశాక పార్‌కి, అంటే ఆ హోల్‌కి పెట్టిన దెబ్బల లెక్కకి సరిపోతే, రెండు పాయింట్లు; ఒక దెబ్బ ఎక్కువైతే (బోగీ) ఒకటి, ఒకటి తక్కువైతే (బర్డీ) మూడు. బోగీకన్నా చెడితే సున్నా, బంతి ఎత్తి జేబులో వేసుకుని నడవడమే. ఎనిమిదైనా పదకొండైనా సున్నాయే కాబట్టి దాచుకోవడానికి ఏమీ ఉండదు. మా బ్యాచ్‌లో సగం గొడవలు ఈ డాక్టరుగారి వైద్యంతోనే తగ్గాయి.

ప్రశ్న: మా అక్కావాళ్లాయన, నేను, మరో దంపతులు కలిసి ఆడతాం. నేను నేర్చుకుని ఏడాదే. ప్రతి షాట్‌కీ బావగారు "తల ఎత్తావమ్మా", "మోచెయ్యి వంగింది" అంటూనే ఉంటారు. పట్ చేసేటప్పుడు సరిగ్గా నా వెనకే నిలబడతారు, ఆయన నీడ బంతి మీద పడుతుంది. ఎదురు చెప్పలేను. – ఒక సోదరి, జయనగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి మావారికి వినిపించాను. ఆయన గోల్ఫ్ ఆడరు, ఆడకుండానే నాకు సలహాలిస్తారు. మీ బావగారు ఆడనైనా ఆడతారు.

మీరు ఎదురు చెప్పక్కర్లేదు, రూల్ చేత చెప్పించండి. ఆట జరుగుతుండగా ఇతర ఆటగాళ్లకి సలహా ఇవ్వకూడదు, అడగకూడదు. కర్రల సంచీ మోసే మీ కేడీనీ, జోడీగా ఆడుతుంటే మీ పార్ట్‌నర్‌నీ అడగొచ్చు, అంతే. స్ట్రోక్‌ప్లేలో దీనికి రెండు దెబ్బల పెనాల్టీ. జెండా ఎంత దూరంలో ఉంది, నీళ్లు ఎక్కడున్నాయి అని చెప్పడం మాత్రం సలహా కిందికి రాదు, బావగారు ఎంత చెప్పినా తప్పు లేదు. కాబట్టి ఈసారి మొదటి టీ దగ్గరే నవ్వుతూ అనేయండి: "బావగారూ, ఇవాళ రూల్ ప్రకారం ఆడదాం. నా తప్పులన్నీ గుర్తుపెట్టుకోండి, తొమ్మిదో హోల్ అయ్యాక టీ తాగుతూ చెబుదురుగాని." ఆయన మాస్టారి కుర్చీ ఆయనకే ఉంటుంది, టైమ్ ఒక్కటే మారుతుంది. తొమ్మిదో హోల్ దాకా వచ్చేసరికి మొదటి హోల్‌లో మీ మోచెయ్యి సంగతి ఆయనకేం గుర్తుంటుంది చెప్పండి.

నీడ సంగతి మాత్రం అప్పటికప్పుడే చెప్పొచ్చు, అందులో మొహమాటం ఏమీ లేదు. పట్ చేసేవాళ్ల వెనకా, బంతి వెళ్లే దారికి సూటిగా అవతలా నిలబడకూడదు. కంటికి కనబడకుండా పక్కకి, కదలకుండా ఉండాలి. "కొంచెం జరగండి బావగారూ, నీడ పడుతోంది" అంటే ఏ బావగారూ నొచ్చుకోరు. మాట రాకపోతే పటర్ పట్టుకుని వెనక్కి ఒక అడుగు వేసి ఆగండి, ఆయనే చూసుకుంటారు.

ప్రశ్న: మా ఆఫీసు పెద్దాయన నన్ను తన క్లబ్‌కి గెస్టుగా రమ్మన్నారు. నేను ప్రాక్టీసు చేసే డ్రైవింగ్ రేంజ్ తప్ప కోర్సు ఎరగను. పరువు పోకుండా ఏం చేయాలి? – ఒక పాఠకుడు, హెబ్బాళ

జవాబు: చాలా క్లబ్బుల్లో కాలరున్న టీషర్టు ఉండాలి, జీన్స్ కుదరదు. ముందే అడగండి. గెస్టు తప్పు చేస్తే మాట పడేది తీసుకొచ్చిన మెంబరే. ఫోను సైలెంట్. సంచీలో కర్రలు పద్నాలుగుకి మించకూడదు, మీ దగ్గర అన్ని ఉండవులెండి.

మీ బంతి ఎవరి వైపైనా వెళితే గొంతెత్తి "ఫోర్!" అని అరవండి. నేను ఆడటం మొదలుపెట్టిన ఏడాదిలోనే నా బంతి పక్క ఫెయిర్‌వే (ఆడే గడ్డిదారి) మీదికి వంకర తిరిగింది. నోట్లోంచి వచ్చింది "అయ్యయ్యో!". దానికి ఎవరూ తల తిప్పలేదు. బంతి ఒక కేడీ తొడకి తగిలి చేటంత నల్లమచ్చ తేలింది. ఐస్ పెట్టించి, మర్నాడు మళ్లీ వెళ్లి చూసి వచ్చాను. ఆ కుర్రాడు కన్నడంలో నవ్వుతూ "మేడమ్, వచ్చేసారి ఫోర్ అనండి, మీ భాష నాకు రాదు" అన్నాడు. ఆ రోజు నుంచి కారులో ఒక్కదాన్నే ఉన్నప్పుడు "ఫోర్" అని అరిచి ప్రాక్టీసు చేశాను. నవ్వకండి, మీరూ చేయండి.

పరువు నిలబెట్టేది మంచి షాట్ కాదు, గ్రీన్ మీద గుంట పూడ్చడం. పైనుంచి పడ్డ బంతి గ్రీన్ మీద రూపాయి కాసంత గుంట చేస్తుంది. చిన్న ఫోర్క్ దగ్గర ఉంచుకోండి. అడుగున గుచ్చి పైకి లేపితే గడ్డి వేళ్లు తెగి అది చస్తుంది. గుంట అంచున గుచ్చి, చుట్టూ ఉన్న గడ్డిని నాలుగు వైపుల నుంచి మధ్యకి నెట్టాలి, కజ్జికాయ అంచులు దగ్గరకి నొక్కినట్టు. తర్వాత పటర్ అడుగుతో మెల్లగా రెండుసార్లు అదమాలి. మీది పూడ్చాక పక్కన ఇంకొకటి కనిపిస్తే అదీ పూడ్చేయండి. మీ పెద్దాయన చూస్తారు, ఏమీ అనరు, మళ్లీ పిలుస్తారు. బంకర్లోంచి బయటికొచ్చాక రేక్‌తో అడుగుజాడలు సర్దడం కూడా ఇలాంటిదే.

ప్రశ్న: బంతి పోతే ఎంతసేపు వెతకాలి? మావాళ్లలో ఒకరు పావుగంట వెతుకుతారు. ఖరీదైన బంతి అంటారు. – కోరమంగళ

జవాబు: మూడు నిమిషాలు. 2019కి ముందు అయిదు ఉండేది, తగ్గించారు. దాటితే అది పోయినట్టే. వెనక్కి వెళ్లి, ముందు కొట్టిన చోటు నుంచే ఒక పెనాల్టీతో మళ్లీ కొట్టాలి. అంత దూరం నడవకుండా ఉండాలంటే, అనుమానం రాగానే "ప్రొవిజనల్" అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టి బయలుదేరండి. చెప్పకుండా కొడితే ఆ రెండోదే మీ ఆటలోని బంతి అయిపోతుంది. ఖరీదైన బంతి అంత ముద్దయితే ఆట అయ్యాక వచ్చి తీరిగ్గా వెతుక్కోమనండి.

ప్రశ్న: పందెం డబ్బుతో కాస్తే తప్పా? – మల్లేశ్వరం

జవాబు: మీ పేటలోనే సీటీఆర్ హోటల్ ఉండగా డబ్బెందుకండీ? ఓడినవాళ్లు బెణ్ణె దోసెలు, కాఫీ. కేడీలకి ఇచ్చేది మాత్రం పందెంలో కలపకండి. వాళ్ల ఫీజు, పైన ఇచ్చేది, ఎవరిది వాళ్లే ఇవ్వాలి, గెలిచినా ఓడినా.

ప్రశ్న: ఫెయిర్‌వే మీద ఆగి ఉన్న నా బంతిని కాకి ఎత్తుకుపోయింది. మా వదిన పెనాల్టీ అంది. నిజమేనా? – ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీ వదినగారు ఆ హోల్ గెలిచారా ఏమిటి? పెనాల్టీ లేదు. కాకి తీసుకుపోయిందని మీకు ఖాయంగా తెలుసు కాబట్టి, అది ఎత్తుకుపోకముందు బంతి ఎక్కడ ఆగి ఉందో అంచనా వేసి అక్కడే ఇంకొకటి పెట్టి ఆడేయండి. కాకి కోసం చెట్టు కింద మూడు నిమిషాలు నిలబడక్కర్లేదు.